కొల్లేటి గట్ల మీద సైకిలు: ఎవరికి మేలు? ఎవరికి ముప్పు?

పూర్వం నా దగ్గరకు వచ్చే మధ్యవయస్కులు "అన్నం మానేసి చపాతీలు తినమంటారా, డాక్టరుగారూ?" అని అడిగేవారు. ఈ మధ్య "సైకిలు కొనుక్కోమంటారా?" అని అడుగుతున్నారు. అడిగేవారిలో బ్యాంకు ఉద్యోగులున్నారు, బట్టల కొట్ల యజమానులున్నారు, బడిపంతుళ్లున్నారు. చిన్నప్పుడు కాంచీ తొక్కి, కాలేజీకి సైకిలు మీదే వెళ్లి, ఉద్యోగం రాగానే స్కూటరెక్కి, ఆ తరువాత కారెక్కి, నలభై అయిదో ఏట రక్తపోటూ చక్కెర వ్యాధీ తెచ్చుకున్నవారే వీరంతా. నేనూ వారిలో ఒకణ్ణే. రోజుకు వందమందికి వ్యాయామం చెయ్యమని చెప్పిన నేను, యాభై రెండో ఏట నా రక్తపరీక్ష కాగితం చూసుకున్నప్పుడు గాని సైకిలు జోలికి పోలేదు.

ఊళ్లో రోడ్ల మీద తొక్కుదామంటే బస్సులు, లారీలు, మోటారు సైకిళ్లు. అందుచేత చాలామంది ఆదివారం నాడు పల్లెదారులు పడుతున్నారు. మా ప్రాంతంవారికి దగ్గరలో ఉన్నది కొల్లేరు. దాని చుట్టూ చెరువు గట్లు, కాలువ గట్లు, లంక గ్రామాలకు పోయే కంకర దారులు. ఎత్తుపల్లాలు లేని నేల, ఎదురుగా నీళ్లు, పైన పక్షులు. చెప్పడానికి చాలా బాగుంటుంది. నిజంగానే బాగుంటుంది. అయితే ఈ దారుల్లో నేను నేర్చుకున్న పాఠం ఒకటుంది. అది చెప్పకుండా మీకు సైకిలు మంచిదని చెప్పడం సగం మందు రాసిచ్చి పంపడమే అవుతుంది.

కంకర సైకిలు అంటే ఏమిటి?

విదేశాల్లో దీనిని గ్రావెల్ బైకు అంటారు. నున్నని తారురోడ్డు మీద వేగంగా పోయే సన్నటైరు సైకిలూ కాదు, కొండలెక్కే లావుటైరు సైకిలూ కాదు. రెండింటికీ మధ్యరకం. 2006లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 34 మంది కలిసి కంకర దారుల మీద 200 మైళ్ల పందెం పెట్టుకున్నారు. ఆ పందెం తరువాత వేలమంది వచ్చే ఉత్సవమయింది. 2022లో ఇటలీలో ఈ రకం సైకిళ్లకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ కూడా మొదలయింది.

ఇది విని వెంటనే లక్ష రూపాయల సైకిలు కోసం పరుగెత్తనక్కరలేదు. ఆ సైకిలు టైరు వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లు. మన తాతలు తొక్కిన నల్ల సైకిలుకు 28 అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళం టైరు. అంటే దాదాపు అంతే వెడల్పు. పాలకేన్లు, ధాన్యం బస్తాలు కట్టుకుని కంకర దారుల మీద తిరిగిన సైకిలది. దానికి గేర్లు లేవు, బరువెక్కువ, అంతే తేడా. కొల్లేరు చుట్టూ కొండలు లేవు గనుక గేర్లు లేకపోయినా పెద్ద నష్టం లేదు. ఎదురుగాలి వీచినప్పుడు మాత్రం గేర్ల విలువ తెలుస్తుంది.

కొల్లేటి దారులు

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏర్లు తెచ్చిన నీరు ఇందులో చేరుతుంది. పోవడానికి సముద్రం వైపు ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అందువల్ల వాన ఎక్కడో పడి వెలిసిపోయినా, ఇక్కడి దారుల మీద నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు లంక గ్రామాల రోడ్లు మునిగిపోయి, జనం పడవల మీద తిరగవలసి వచ్చింది. కాబట్టి వానాకాలంలో ఈ దారులు వద్దు. నవంబరు చివరినుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో అభయారణ్యం హద్దు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ కనిపించిన ప్రతి గట్టూ రోడ్డు కాదు. కొన్ని సొంత చెరువుల గట్లు, కొన్ని అటవీశాఖవారి హద్దులో ఉన్నవి. అడిగి వెళ్లాలి. అడగకుండా వెళ్తే మొదట ఎదురొచ్చేది మనిషి కాదు, కాపలా కుక్క!

కొత్తవారికి కైకలూరునుంచి ఆటపాక పక్షుల కేంద్రం దాకా వెళ్లి రావడం చాలు. రెండు మూడు కిలోమీటర్లలోపు దారి. అక్కడ ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్ పక్షులు, వందలకొద్దీ గూళ్లు పెట్టుకుని ఉంటాయి. చలికాలమంతా పిల్లలను సాకుతూ ఉంటాయి. దూరాన నిలబడి చూడండి, కేకలు వెయ్యకండి. కొంచెం అలవాటు పడ్డవారు పెద్దింట్లమ్మ గుడి ఉన్న కొల్లేటికోట వైపు వెళ్లవచ్చు. ఫాల్గుణ మాసంలో అమ్మవారి జాతర జరిగే రోజుల్లో మాత్రం ఆ దారి జనంతోనూ బళ్లతోనూ నిండిపోతుంది. బాగా అలవాటైనవారు ఏలూరునుంచి కైకలూరుకు కొల్లేటి మధ్యగా పోయే రోడ్డు పట్టి, అక్కడక్కడ లంకల దారుల్లోకి దిగి వస్తారు.

తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. అదే సమయంలో చేపల లారీలు, మేత లారీలు తిరుగుతాయి. గట్టు మీద లారీ వస్తే పక్కకు తప్పుకునే చోటుండదు, ఆగి, దిగి, సైకిలు పట్టుకుని నిలబడాలి. ముందు దీపం, వెనక ఎర్రదీపం, లేతరంగు చొక్కా, తలకు హెల్మెట్ తప్పనిసరి. మంచు విడిన తరువాత బయలుదేరి, పది గంటల లోపల ఇల్లు చేరడం మంచి పద్ధతి.

నేను చేసిన పొరపాటు

మూడేళ్ల క్రితం మాట. నాకు మిత్రులైన ఒక మాస్టారున్నారు. అప్పటికి వారికి యాభై ఏడేళ్లు. పదేళ్లుగా చక్కెర వ్యాధి. సిగరెట్టు లేదు, పేకాట లేదు, మంచి మనిషి. నేను సైకిలు కొన్నానని విని ఆయనా ఒకటి కొన్నారు. మేమిద్దరం నాలుగు ఆదివారాలు హాయిగా తిరిగాం. అయిదోది సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఆదివారం. ఆ రోజు ఇంకొంచెం లోపలికి, ఒక లంక దారిలోకి వెళ్దామన్నది నేనే.

మామూలుగా నాకంటే ముందుండే మాస్టారు ఆ రోజు వెనకబడ్డారు. ఆగి చూస్తే ముఖమంతా చెమట. ఆ చలిలో!

"ఏమిటి మాస్టారూ?" అన్నాను.

"ఏం లేదండీ డాక్టరుగారూ. రాత్రి అరిసెలు నాలుగు తిన్నాను. గ్యాసు ఎగదన్నుతోంది. పదండి, ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అన్నారు.

నిజం చెబుతున్నాను, ముప్ఫై ఏళ్లుగా గుండెపోటు రోగులను చూస్తున్న నేను కూడా అర నిమిషం ఆ మాట నమ్మాలనుకున్నాను. ముందుకు వెళ్లాలనే కోరిక అలాంటిది. తరువాత "నొప్పి ఎక్కడ?" అని అడిగితే ఆయన వేలు పెట్టి చూపించలేదు. అరచెయ్యి మొత్తం రొమ్ము మీద పెట్టి, "ఇక్కడంతా బరువుగా ఉంది" అన్నారు. దవడ లాగుతోందన్నారు. అంతే, సైకిళ్లు గట్టు మీదే పడేశాం.

ఇక అసలు కష్టం. 108కు ఫోను చేశాను. "ఎక్కడున్నారు?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను! చుట్టూ చెరువులు, అన్నీ ఒకేలా ఉన్నాయి. దారి పేరు తెలియదు, దగ్గరి ఊరు పేరు తెలియదు. చెరువు కాపలా కుర్రవాడు ఫోను తీసుకుని ఊరు పేరు చెప్పాడు. అంబులెన్సు ఆ గట్టు మీదికి రాలేదని, తారురోడ్డు దాకా రమ్మని చెప్పి, చేపల ట్రేలు మోసే ఆటోలో ట్రేలు దింపేసి, గోనెలు పరిచి మాస్టారిని పడుకోబెట్టాడు. ఆయన చేత ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించాను. ఆ మాత్ర నా సంచిలో ఉండడం ఆయన అదృష్టం. ఆటో ఎక్కి తారురోడ్డు చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. నా జీవితంలో అంత పొడవైన ఇరవై నిమిషాలు మరి లేవు.

ఆసుపత్రికి వేళకు చేరాం. గుండె రక్తనాళంలో అడ్డు తొలగించి స్టెంటు వేశారు. మాస్టారు బతికారు. ఆ సాయంత్రం వార్డు బయట ఆయన ఇల్లాలు నన్ను చూసి ఒకే మాట అన్నారు: "మీరు పక్కనుండగా ఇలా జరిగిందేమిటి, అన్నయ్యగారూ?"

ఆమె నిందించాలని అనలేదు. నేను పక్కనుండడం ఏదో రక్షణ అని నమ్మి అన్నారు. ఆ నమ్మకానికి నేను తగనని నాకు తెలుసు. ఓ.పి.లో ముక్కూ మొహం తెలియని రోగికి కూడా "కొత్తగా వ్యాయామం మొదలుపెట్టేముందు పరీక్ష చేయించుకోండి" అని చెప్పే నేను, నాలుగు ఆదివారాలు పక్కన తొక్కిన స్నేహితుణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు. అంతకు రెండు నెలల ముందునుంచి మేడమెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని ఆయన తరువాత చెప్పారు. ముందు ఎందుకు చెప్పలేదంటే, "చెబితే మీరు సైకిలు మానిపిస్తారేమోనని" అన్నారు.

మొదలుపెట్టే ముందు

ఈ మాట విని సైకిలు ప్రమాదమని అనుకోకండి. కదలకుండా కూర్చోవడమే ఎక్కువ ప్రమాదం. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. సైకిలు ఆ పని చక్కగా చేస్తుంది. శరీరం బరువు సీటు మోస్తుంది గనుక, మోకాలి నొప్పులున్నవారిలో చాలామందికి నడకకంటె ఇదే సుఖంగా ఉంటుంది. రక్తపోటు, చక్కెర అదుపులోకి వస్తాయి. నిద్ర పడుతుంది.

అయితే నలభై దాటినవారు, ముఖ్యంగా చక్కెర వ్యాధి, రక్తపోటు, పొగతాగే అలవాటు ఉన్నవారు, ఇంట్లో తండ్రికో అన్నదమ్ములకో చిన్నవయసులో గుండెపోటు వచ్చినవారు ముందుగా వైద్యుణ్ణి కలవాలి. మెట్లెక్కితే ఆయాసం, నడిస్తే రొమ్ములో పట్టేసినట్టుండడం, కళ్లు తిరగడం ఉంటే దాచకండి. ఇ.సి.జి. బాగుందన్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. పడుకున్నప్పుడు తీసిన ఇ.సి.జి.లో కనిపించని లోపం శ్రమపడ్డప్పుడు బయటపడవచ్చు. అవసరమైతే వైద్యుడు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తాడు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు. ఆడవారిలోనూ ఇలా జరగవచ్చు. అకారణంగా చెమట, ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం, ఇవే గుర్తులు. కాబట్టి శ్రమలో వచ్చిన "గ్యాసు"ను గ్యాసు అని మీరు తేల్చకండి. ఆ తేల్చే పని ఆసుపత్రికి వదిలెయ్యండి. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం జబ్బులున్నవారు అది వేసుకోకూడదు. మీకు పడుతుందో లేదో ముందే అడిగి ఉంచుకోండి.

తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతూ ఉంటే వేగం తగ్గించండి. మొదటి రెండు వారాలు అరగంట మించవద్దు.

చక్కెర వ్యాధివారికి మరో మాట

ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి శ్రమలో చక్కెర పడిపోవచ్చు. బయలుదేరే ముందు చూసుకోండి. 90కి తక్కువగా ఉంటే రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తిని మరీ బయలుదేరండి. దారిలో చేతులు వణకడం, చెమట, ఆకలి, తికమక కలిగితే వెంటనే ఆగి మూడు చెంచాల గ్లూకోజు గాని పంచదార గాని నీళ్లలో కలుపుకుని తాగండి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ తాగండి. చాలాసేపు తొక్కిన రోజు రాత్రి కూడా చక్కెర పడిపోవచ్చునని ఇంట్లోవారికి చెప్పి ఉంచండి. చెప్పులతో తొక్కవద్దు. మేజోళ్లు, బూట్లు వేసుకుని, ఇంటికి వచ్చాక అరికాళ్లు చూసుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి కంకరరాయి గుచ్చుకున్నా తెలియదు.

చేతులు, మోకాళ్లు, కూర్చునే చోటు

కంకర దారిలో ఎక్కువ బాధ పెట్టేది అదురు. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని గంటసేపు తొక్కితే చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. అరచేతిలో చిటికెనవేలి వైపు పోయే నరం నలగడమే దీనికి కారణం. పట్టు వదులు చెయ్యండి, చేతులు స్థానం మారుస్తూ ఉండండి. హ్యాండిల్ కాస్త ఎత్తు చేయించండి. టైర్లలో గాలి రాయిలా గట్టిగా కొట్టించకుండా ఒకింత తగ్గిస్తే అదురు చాలావరకు తగ్గుతుంది. వారం పది రోజులైనా తిమ్మిరి పోకపోయినా, వేళ్లలో పట్టు తగ్గినా వైద్యుడికి చూపించాలి.

సీటు ఎత్తు చూసుకునే సులువైన పద్ధతి ఇది. సీటు మీద కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెట్టి తొక్కుతాం గనుక మోకాలు కొద్దిగా వంగుతుంది. సీటు పల్లంగా ఉంటే మోకాలి ముందు నొప్పి, మరీ ఎత్తుగా ఉంటే మోకాలి వెనక నొప్పి. మనవాళ్లలో పల్లం సీటు జబ్బే ఎక్కువ. కూర్చునే చోట తిమ్మిరి వస్తే పది నిమిషాలకొకసారి పెడల్స్ మీద లేచి నిలబడండి.

ఎండ, నీరు, గాయాలు

కోస్తాలో ఉక్క ఎక్కువ. చెమట ఆరదు గనుక ఒంటి వేడి దిగదు. తలనొప్పి, వాంతి, తికమక వచ్చి ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. తాగే నీరు ఇంటినుంచే తీసుకువెళ్లండి. ఓ.ఆర్.ఎస్. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు తలగొట్టిన చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. గుండె, మూత్రపిండాల జబ్బున్నవారు, రక్తపోటు, చక్కెర ఉన్నవారు ఇది తాగే ముందు తమ వైద్యుణ్ణి అడగాలి.

కంకర మీద పడి చర్మం దోక్కుపోతే చెరువు నీళ్లతోనూ కాలువ నీళ్లతోనూ కడగవద్దు. వెంట తెచ్చుకున్న మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, ఇసుక రేణువులు పూర్తిగా పోగొట్టాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో పుండు తడిస్తే ఎలుక జ్వరం రావచ్చు. తరువాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెరుపు కనిపిస్తే, గట్ల మీద తిరిగిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి.

కుక్క కరిస్తే కారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం పెట్టకూడదు. పాము కరిస్తే కట్టు బిగించవద్దు, కొయ్యవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. పామును వెతుకుతూ కాలం పోగొట్టవద్దు.

ఒంటరిగా వద్దు

చివరగా, ఆ రోజు నాకు చేతకానిది మీకు చేతకావాలని చెబుతున్నాను. బయలుదేరేముందు ఏ దారిన పోతున్నారో ఇంట్లో చెప్పండి. వెళ్లేటప్పుడు దాటిన ప్రతి ఊరి పేరూ గుర్తుంచుకోండి. తారురోడ్డు ఎక్కడ కలుస్తుందో ఎదురైనవారిని అడిగి తెలుసుకోండి. ఫోనులో మీరున్న చోటు ఇంకొకరికి ఎలా పంపాలో ఇంట్లో పిల్లల దగ్గర నేర్చుకోండి. జేబులో ఒక చీటీ మీద మీ పేరు, జబ్బులు, వాడే మందులు, ఇంటి ఫోను నంబరు రాసి ఉంచుకోండి. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరి ఆరోగ్యం సంగతి రెండోవారికి తెలిసి ఉండాలి. అది మొహమాటపడవలసిన విషయం కాదు.

మాస్టారు మూడు నెలలు నడిచి, వైద్యుడు పరీక్ష చేసి సరేనన్న తరువాత మళ్లీ సైకిలెక్కారు. ఇప్పుడు మేము లంకల లోపలికి పోవడంలేదు. ఆటపాక దాకా వెళ్లి, గూడబాతులను చూసి, తారురోడ్డు వదలకుండా తిరిగి వస్తాం. బయలుదేరే ముందు ప్రతి ఆదివారం నేను ఆయన్ను అడుగుతాను, "మాస్టారూ, ఈ వారం మెట్లెక్కితే ఎలా ఉంది?" అని. ఆయన కూడా నన్ను అదే ప్రశ్న అడుగుతారు.